నేవీ బ్లూ చల్లగా ఉండాలి!

చలికాలంలో పిల్లలకు రంగురంగుల ఊలు టోపీలను నిషేధించిన బడి చల్లగా ఉండాలి! అందులో చదివే పిల్లలు ఎలాగూ చల్లగానే ఉన్నారు.

నవ్వకండి. నేను చాలా బాధ్యతగా మాట్లాడుతున్నాను. రంగుల వల్ల ఈ లోకంలో ఎవడైనా బాగుపడ్డాడా? కండువా రంగు చూసి గానీ కాఫీ పోయని ఇళ్ళు నాకు తెలుసు. అలాంటి రోజుల్లో మదనపల్లెలో మా పిల్లలు చదివే బడి (పేరు చెప్పను, చెప్తే మా కుసుమ చివరి బెంచీకి పోతుంది) ఈ రంగుల జబ్బుకు ఒక్క కాగితంతో మందు వేసింది.

"చలికాలంలో విద్యార్థులు బడి కౌంటరులో దొరికే నేవీ బ్లూ స్వెటర్ మాత్రమే ధరించవలెను. రంగు టోపీలు, మఫ్లర్లు, చేతి తొడుగులు గేటు లోపలికి అనుమతించబడవు. ఇట్లు, కరస్పాండెంట్."

ఆహా! మదనపల్లెకు సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. రైలు స్టేషనే ఊళ్ళోకి రాలేక దూరంగా నిలబడిపోయింది. అలాంటి ఊరికి ఏకంగా నేవీ వచ్చి బడి గేటు దగ్గర లంగరు వేస్తే కాదంటామా?

ఈ సర్క్యులర్ మాకు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపులో మాట్లాడే హక్కు బడిది. తల్లిదండ్రులకు మెసేజ్ పెట్టే వీలు లేదు. మాకున్నదల్లా కింద బొటనవేలు గుర్తు నొక్కే హక్కు. బడికి బొటనవేలు సమర్పించుకోవడం మన దేశంలో పాత ఆచారమే కదా! పూర్వం ఎవరో ఒకడు ఒక్కసారి ఇచ్చాడు. మేం వారానికి మూడుసార్లు ఇస్తున్నాం.

ఈ సర్క్యులర్ కింద రెండు వందల పన్నెండు బొటనవేళ్ళు లేచాయి. అందులో ఒకటి నాది. ముందు వేలు ఎత్తాను, తర్వాత చదివాను. క్రమశిక్షణ అంటే అదీ!

ఇంతకీ నేనెవరు? వరదరాజులు. నీరుగట్టువారిపల్లెలో పట్టునూలుకు రంగులద్దే షెడ్డు నాది. గొంతు పెద్దది. షెడ్డులో నిలబడి "ఎరుపు చాలదప్పా!" అని అరిచానంటే పక్క వీధిలో మగ్గం మీదున్నవాడు ఉలిక్కిపడి ఎర్రపోగు కలుపుకుంటాడు. పెళ్ళి ఆలస్యం, పిల్లలు ఆలస్యం. నా జుట్టు తెల్లబడ్డాక మా ఇంట్లో ఎల్‌కేజీ మొదలైంది. అన్నిటికీ మించి నేను పుంగనూరు అల్లుణ్ణి. అల్లుడన్నాక అల్లకపోతే ఎలా?

అల్లడం ఎందుకు మొదలుపెట్టానంటే, మా కుసుమ చెవి కోసం. ఏడేళ్ళ పిల్ల, రెండో తరగతి. కార్తీకం వచ్చిందంటే మదనపల్లె చలి ఆ పిల్ల కుడిచెవిలో అద్దెకు దిగుతుంది. శివరాత్రి దాకా ఖాళీ చెయ్యదు. పోయినేడాది చెవిపోటుతో దిండు పట్టుకుని మూలిగింది. ఈ ఏడు దసరా సెలవుల్లోనే నా దగ్గరికొచ్చి ఆర్డరేసింది.

"నాయనా, అంగట్లో టోపీలు నెత్తిమింద కూర్చుంటాండాయి గానీ చెవుల కాడికి రావడంల్యా. నువ్వు రంగులేస్తావు గదా, నాకొక టోపీ అల్లు. చెవులు రెండూ మూసుకోవల్ల. అన్ని రంగులూ ఉండల్ల."

మా ఆవిడ అమరావతి వంటింట్లోంచే నవ్వింది. "లుంగీకి ఏసిన ముడి పది నిముషాలు నిలవదు, ఈయప్ప టోపీ అల్లుతాడంట!"

పౌరుషం వచ్చింది. నూలు మధ్య పుట్టి నూలు మధ్య పెరిగినవాణ్ణి, నన్ను పట్టుకుని అంత మాటా?

ఫోన్లో చూసి నేర్చుకోవచ్చు కదా అంటారు మీరు. చూశాను. ఆ వీడియోలో ఆవిడ "హాయ్ ఫ్రెండ్స్" అనే లోపల మూడు వరసలు అల్లేసింది. నేను తిరిగి "హాయ్" అనే లోపల సూది మంచం కిందికి పోయింది. అందుకని మా వెనక వీధి గ్లోరీ అక్కను ఆశ్రయించాను. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. అక్కడ పుట్టిన పసిబిడ్డల తలలకు మొదటి టోపీ ఆమె చేతిదే. మా ఊళ్ళో చాలామందికి ఆ తర్వాత రకరకాలవాళ్ళు టోపీలు పెట్టారు గానీ, వెచ్చగా ఉన్నది మాత్రం ఆమె పెట్టిందే.

"సూదులు పట్టుకోమంటే ఎద్దుకు ముకుతాడు ఏసినట్ల పట్టుకుంటాండావే! మెల్లిగప్పా!" అంది మొదటిరోజే. "ఇంత వణికే చెయ్యి నా సర్వీసులో ఆపరేషన్ ముందర పేషెంటుకే చూసినా."

"భయంగా ఉందక్కా."

"నీకు యాల భయం? భయపడల్సింది ఊలు."

టోపీ కష్టం, ముందు మఫ్లర్ నేర్చుకోమంది. సరే, మా చిన్నవాడు వినోద్‌కు మఫ్లర్ మొదలుపెట్టాను. వాడు ఎల్‌కేజీ. మొదలుపెట్టడం నేర్పింది, ముందుకు పోవడం నేర్పింది. ముగించడం నేర్పే లోపల కుప్పంలో ఉన్న కూతురు షైలజకు ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే బస్సెక్కేసింది. ఎక్కుతూ ఎక్కుతూ చెప్పింది: "నేనొచ్చిందాకా అల్లుతా ఉండప్పా."

అల్లుతూ ఉండమంటే అల్లుతూనే ఉన్నాను. పెద్దవాళ్ళు చెప్పింది చెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. వారం గడిచింది. ఆమె రాలేదు. మఫ్లర్ మాత్రం మంచం దిగింది, గడప దాటింది, వసారా మీదికి పోయింది. తొమ్మిదో రోజు ఇక లాభం లేదని మఫ్లర్‌ను సంచిలో కుక్కుకుని నేనే కుప్పం బస్సెక్కాను. కూర్చున్నాక ఊరికే ఎందుకుండాలని బస్సులోనూ అల్లాను!

పుంగనూరులో ఒక టమాటా రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. కాసేపు చూశాడు. ఇంకాసేపు చూశాడు.

"ఏమప్పా, బావికి చేంతాడు అల్లుతాండావా?"

"కాదప్పా, మఫ్లరు. మా పిల్లోడికి."

"పిల్లోడు ఎంత పొడుగుంటాడు?"

"మూడడుగులు."

ఆయన మఫ్లర్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. తర్వాత నన్ను జాలిగా చూశాడు. "మెడే ఎక్కువంటావా?"

కుప్పంలో గ్లోరీ అక్క తలుపు తీసి, నన్ను చూసి, సంచిని చూసి, గోడకు ఆనుకుని నవ్వింది. "ఆపేదానికి కుప్పం దాకా వచ్చినావా నాయనా! నేనొచ్చిందాకా అంటే, నిజంగా నేనొచ్చిందాకానా?" రెండు నిమిషాల్లో ముగించి చేతిలో పెట్టింది. పదకొండడుగులు! ఇప్పుడు దాని ఈ కొస వినోద్ మెడకు, నడుమ కుసుమ మెడకు, ఆ కొస నా మెడకు. ఒకడు దగ్గితే ముగ్గురం ఊగుతాం.

ఇక టోపీ. అత్తగారి ఊరు పుంగనూరులోనే కమలాక్షి గారి ఫ్యాన్సీ స్టోరులో ఏడు రంగుల ఊలు కొన్నాను. "నైలాన్ గియిలాన్ కాదప్పా, అసలైన గొర్రె ఉన్ని" అని ఆమె హామీ. ఇరవై మూడు రోజులు అల్లాను. కుసుమ తలకు పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది. చెవుల మీదికి రెండు రెక్కలు కూడా దిగాయి. అక్కడితో ఆగితే నేను మనిషిని.

కానీ నేను పట్టువాణ్ణి కదా! పచ్చి పట్టుకు జిగురుంటుంది. సబ్బూ సోడా వేసిన నీళ్ళలో ఉడకబెడితేనే ఆ జిగురు వదిలి మెరుపొస్తుంది. మా తాత ఉడకబెట్టాడు, మా నాయన ఉడకబెట్టాడు. ఉడకని నూలు మా ఇంటి గడప దాటలేదు. ఈ టోపీ మాత్రం పచ్చిగా దాటుతుందా?

"ఏమయ్యా, పొయ్యిమింద అదేంది? టోపీనా, పప్పా?" అని అమరావతి కేకేసింది.

"నూలు సంగతి నువ్వు నాకు చెప్పొద్దు!" అని అంతకంటే పెద్ద కేక వేశాను. సోడా ఇంకో గుప్పెడు పోశాను.

ముప్పావు గంట తర్వాత కర్రతో పైకి తీశాను. జిగురు పోయిందో లేదో తెలియదు గానీ టోపీ మాత్రం పోయింది. గిన్నెలోంచి టెంకాయంత మూట బయటికొచ్చింది. అట్టలాగా గట్టిపడింది. రంగులు చెక్కుచెదరలేదు, కుట్లే ఒకదాన్నొకటి కౌగిలించుకుని విడిపోమంటున్నాయి. పట్టును ఉడకబెడితే పట్టు విడుస్తుంది, ఉన్నిని ఉడకబెడితే పట్టు బిగిస్తుంది. ఈ సంగతి గొర్రెకు తెలుసు, గ్లోరీ అక్కకు తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. మూడు తరాల నూలు పండితుడికి తప్ప!

కుసుమ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన మంచినీళ్ళ బాటిల్‌కు తొడిగింది. "దీనికీ చలేస్తాండాది నాయనా" అంది. అదిగో, అప్పుడు ఏడవాల్సినవాణ్ణి నేను.

మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ మూడు వారాలు. ఈసారి పొయ్యి వైపు కన్నెత్తి చూడలేదు. డిసెంబరు మొదటి వారంలో టోపీ పూర్తయింది. ఏడు రంగులు, రెండు చెవిరెక్కలు, పైన చిన్న కుచ్చు. కుసుమ పెట్టుకుని అద్దం ముందు అటు తిరిగింది, ఇటు తిరిగింది. "నాయనా, చెవిలో గాలి పోవడంల్యా!" అని అరిచింది. ఆ అరుపు అచ్చం నా గొంతే.

సరిగ్గా ఆ పొద్దునే సర్క్యులర్ వచ్చింది. వేలు ఎత్తాను. తర్వాత చదివాను. మిగతాది మీకు తెలుసు.

అప్పటినుంచి నేవీ బ్లూ వల్ల మా కుటుంబం పొందుతున్న మేళ్ళు అన్నీ ఇన్నీ కావు. మొదటిది, వ్యాయామం. బడి స్వెటర్ ఎంత పల్చనంటే, దానిలోంచి అవతలి వీధి కనిపిస్తుంది. పిల్లలు ప్రేయర్‌లో నిలబడ్డచోటే ఎగురుతుంటారు. పీఈటీ మాస్టరుకు పని తప్పింది!

ఇక విశాల హృదయం సంగతి. పొగమంచులో గేటు దగ్గర మూడు వందల నీలి స్వెటర్లు ఒక్కసారి కదిలితే కన్నతండ్రి ఏం గుర్తుపడతాడు చెప్పండి? మొన్న సాయంత్రం ఒక పిల్లాడి చెయ్యి పట్టుకుని నాలుగు అంగడ్లు దాటేశాను. చిక్కీ కూడా కొనిచ్చాను. వాడు చిక్కీ అంతా తిని, చేతులు తుడుచుకుని, అప్పుడు చెప్పాడు: "నువ్వు మా నాయన కాదంకుల్."

"ముందే యాల చెప్పలేదు రా?"

"చిక్కీ ముందే ఈలేదు గదా!"

గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేసరికి వాళ్ళ నాయన మా వినోద్‌ను చంకనెత్తుకుని నిలబడి ఉన్నాడు. పిల్లలంతా అందరి పిల్లలే! ఇంత గొప్ప భావన రంగు టోపీ వల్ల వస్తుందా?

ఆఖరి మేలు నా చొక్కా జేబుకు. కుసుమ గేటు దాకా టోపీ పెట్టుకొస్తుంది. గేటు దగ్గర తీసి, మడిచి, నా జేబులో పెడుతుంది. ఆ ఎత్తు చూసి నన్ను జేబు నిండినవాడనుకుంటున్నారు జనం. ఆ పిల్ల లోపలికి పోతూ పోతూ రోజూ ఒకటే మాట అడుగుతుంది.

"సార్‌ని అడిగినావా నాయనా? చెవి నొప్పి ఉండేవాళ్ళకైనా టోపీ పెట్టుకోనీమని?"

సోమవారం అడుగుతానన్నాను. సోమవారం సార్ బిజీ. మంగళవారం మంచిది కాదు. బుధవారం నాకే దగ్గొచ్చింది. నీరుగట్టువారిపల్లె అదిరిపోయే గొంతు ఆ గేటు దగ్గరికొచ్చేసరికి ఉడకబెట్టిన ఊలయిపోతుంది. అడిగితే ఏమనుకుంటారో! రెండు వందల పన్నెండు మందికి లేని చెవి మా పిల్లకే ఉందా అంటారేమో!

ఇలా మూడు వారాలు గడిచాయి. కుసుమ చెవి మళ్ళీ మొదలుపెట్టింది. అమరావతి వెల్లుల్లి నూనె కాచింది. "ఊరంతా అరుస్తావే, ఆడికి పోయి ఒక్క మాట అడిగేదానికి నోరు రాదా?" అంది. నేను దూది వెతకడానికి లేచాను.

పోయిన గురువారం బడి నుంచి ఫోన్. కరస్పాండెంట్ గారు రమ్మంటున్నారు. ఏమిటా అని కనుక్కుంటే, కుసుమ బాటిల్‌కు తొడిగిన బుల్లి టోపీని టీచరు పట్టుకుని ఆఫీసులో అప్పజెప్పింది. "టోపీలు పెట్టుకోగూడదన్నారు గానీ బాటిల్ పెట్టుకోగూడదన్లేదు గదా మిస్!" అందట మా పిల్ల. వాదనలో ఆ పిల్ల నా కూతురు, ధైర్యంలో వాళ్ళమ్మ కూతురు.

దారిపొడవునా స్పీచ్ తయారుచేసుకున్నాను. చెవి గురించి, చలి గురించి, చెవిపోటు మందుల చీటీ గురించి. ఈ రోజు అడిగేస్తాను, అంతే!

కరస్పాండెంట్ చెంగల్రాయుడు గారు కుర్చీ చూపించారు. టేబుల్ మీద బుల్లి టోపీ లేదు. ఆయన ఫోన్ తీసి నా ముందుకు జరిపారు. తెరమీద రెండున్నరేళ్ళ బుజ్జిగాడు, బుగ్గలు పొంగించుకుని, తలమీద నా ఉడకబెట్టిన టోపీతో!

"మా మనవడప్పా. ఊరికే చూపిద్దామని ఇంటికి తీసకపోతే, నెత్తిన పెట్టుకోని తీసేదానికే ఒప్పుకోవడంల్యా. అంతా నీ చేతి పనేనంట గదా?"

"అవును సార్."

"బాగుండాది. కానీ బిగువు. చెవులు మూసుకోవడంల్యా. ఈ సలికి చెవుల్లో గాలి పోతే బిడ్డలు తట్టుకుంటారా, నువ్వే చెప్పు?"

"తట్టుకోరు సార్" అన్నాను.

పాఠకులారా, ఇదే అడగాల్సిన చోటు. ఆయనే తలుపు తీశారు, దీపం పెట్టారు, చాప పరిచారు. నేను కూర్చుంటే చాలు. నోరు తెరిచాను. ఏమొచ్చిందో తెలుసా?

"ఏ రంగు సార్?"

"అన్ని రంగులూ ఉండల్లప్పా! బిడ్డలకు రంగులే గదా అందం. ఒకటే నీలం పెడ్తే ఏం బాగుంటాది?" అని నా జేబు వైపు వేలు చూపించారు. "అదో, నీ జేబులో కుచ్చు కనపడ్తాండాదే, అట్లాంటిది. వాని తలకంటే ఒక సైజు పెద్దదే అల్లు. వచ్చే జూన్‌లో వాణ్ణి ఈడనే నర్సరీలో చేరస్తాండాము. మళ్ళా సలికాలానికీ పనికొస్తాది."

"సరే సార్" అన్నాను. వినపడలేదు కాబోలు, "ఆఁ?" అన్నారు. మళ్ళీ చెప్పాను.

బయటికొచ్చేసరికి ఇంటర్వెల్. కుసుమ మెట్ల దగ్గర నిలబడి ఉంది. కుడిచేయి చెవి మీద ఉంది.

"అడిగినావా నాయనా?"

"ఆయనే నన్ను అడిగినాడమ్మా" అని జరిగిందంతా చెప్పాను. కుసుమ ముందు ముఖం ముడుచుకుంది. తర్వాత లెక్కవేసింది.

"అయితే వచ్చే సలికాలం ఆ పిల్లోడు రంగు టోపీ పెట్టుకోని గేటు కాడికొస్తాడా?"

"వస్తాడు."

"తీపిస్తారా?"

"తీపిస్తే వాళ్ళ తాత ఊరుకుంటాడా?"

"తీపించకపోతే మేమూ పెట్టుకుంటాము!"

"అదే గదమ్మా నా ప్లాను!" అన్నాను ఛాతీ విరుచుకుని. ఆ ప్లాను నాకు తట్టి అప్పటికి అర నిమిషం అయింది. ఒక సైజు కాదు, రెండు సైజులు పెద్దది అల్లుతానన్నాను. చెవిరెక్కలు భుజాల దాకా దింపుతానన్నాను. హార్స్‌లీ కొండ మీద నిలబడినా కనపడే పసుపు వేస్తానన్నాను.

కుసుమ అన్నీ విని తలూపింది. చెవి మీంచి చెయ్యి తియ్యలేదు.

"మరి ఈ సలికాలం నాయనా?"

బెల్ కొట్టారు. ఆ పిల్ల నీలి వరసలో కలిసిపోయింది. ఎక్కడుందో నాకు కనపడలేదు.

మెట్ల మీద కూర్చున్నాను. ఫోన్ తీశాను. గ్రూపు తెరిచి వెనక్కి వెనక్కి పోయి ఆ సర్క్యులర్ పట్టుకున్నాను. కింద రెండు వందల పన్నెండు బొటనవేళ్ళు అలాగే లేచి ఉన్నాయి. నాది ఏదో వెతికి దాని మీద నొక్కాను. ఆ వేలు దించడానికి మళ్ళీ ఆ వేలే కావలసి వచ్చింది.

రెండు వందల పదకొండు.

ఇంతే చేశాను. సింహంలా గర్జించలేదు, ధర్నా చెయ్యలేదు. ఇంటికొచ్చి అమరావతికి చెప్పాను. ఆమె తన ఫోన్ తీసింది. రెండు వందల పది. నేను తప్పుగా ఎత్తుకుపోయిన చిక్కీ పిల్లాడి నాయనకు సాయంత్రం గేటు దగ్గర ఈ సంగతి చెవిలో వేశాను. చెవి ఉన్నందుకు అదొక ఉపయోగం.

ఇప్పుడు పొద్దున్నే గేటు దగ్గర టోపీ తీసేముందు కుసుమ అడిగే ప్రశ్న మారింది.

"ఈ పొద్దు ఎంత నాయనా?"

"నూట తొంభై ఆరు."

టోపీని మడిచి నా జేబులో పెట్టింది. కుచ్చు మాత్రం బయటికి వేలాడేటట్టు సర్దింది.